గుర్తుండిపోయే సీరియల్ పాత్రలు పది: దేన్ని బట్టి ఎంచుదాం?

రిమోట్_రాజ్యం
తెలుగు సీరియళ్లలో గుర్తుండిపోయే పది పాత్రల జాబితా ఒకటి చేద్దాం. పేర్లు తర్వాత చెప్పుకోవచ్చు, ముందు కొలబద్ద తేలాలి. అది లేకుండా ఓట్లు పెడితే నిన్న రాత్రి ప్రోమోలో ఎవరు ఏడిస్తే వాళ్లే గెలుస్తారు.

నా ప్రతిపాదన ఇది. తెలుగులోనే తీసిన సీరియల్ అయ్యుండాలి. ‘చిన్నారి పెళ్లికూతురు’ లాంటి డబ్బింగ్ సీరియళ్లకు వేరే జాబితా పెడదాం, లేకపోతే సురేఖా సిక్రీ దాదీసాతో ఇక్కడివాళ్లెవరూ నెగ్గలేరు. కనీసం 100 ఎపిసోడ్లు నడిచి ఉండాలి. ఓటు పాత్రకే, నటుడికి కాదు. ఒక సీరియల్ నుంచి రెండు పాత్రలకు మించొద్దు.

లోపాలుంటే చెప్పండి.

సాయంత్రం7గంటలు
ఇంత తతంగం ఎందుకండీ? టీఆర్పీ ఉంది కదా. పదేళ్ల రేటింగులు తీసి, పైనున్న సీరియళ్ల హీరోయిన్ల పేర్లు రాసేస్తే అరగంటలో అయిపోతుంది.

లెక్కలమాస్టర్
అరగంటలో అవుతుంది, కానీ అది పాత్రల జాబితా కాదు, టైమ్ స్లాట్ల జాబితా.

రేటింగులు లెక్కగట్టే సంస్థ బార్క్ పద్ధతి ఒకసారి చూడండి. చానల్ శబ్దంలోనే చెవికి అందని వాటర్‌మార్క్ కలిపి పంపుతారు. ఎంపిక చేసిన ఇళ్లలో పెట్టిన మీటరు ఆ గుర్తును పట్టుకుంటుంది. ఇంట్లో ఎవరెవరు చూస్తున్నారో వాళ్లు రిమోట్ మీద తమ బటన్ నొక్కి చెప్పాలి. శనివారం నుంచి శుక్రవారం దాకా వారం కింద లెక్కగట్టి గురువారాల్లో విడుదల చేస్తారు. ఇందులో ఎక్కడా పాత్ర అన్న మాటే లేదు. ఏ నిమిషంలో ఏ చానల్ నడిచింది, ఎంతమంది ముందు నడిచింది, అంతవరకే. రాత్రి ఏడున్నరకి వచ్చే సీరియల్‌నీ మధ్యాహ్నం రెండింటికి వచ్చే సీరియల్‌నీ ఒకే తక్కెడలో పెడితే తూగేది గడియారమే.

ఇంకో చిక్కుంది. రేటింగ్ పెరిగిన వారం కథలో పెళ్లో, చావో, మహాసంగమమో ఉంటుంది. రెండు సీరియళ్ల కుటుంబాలను ఒక ఫంక్షన్‌హాల్లో కలిపితే వచ్చే పెరుగుదలను ఏ పాత్ర ఖాతాలో వేస్తారు?

పోటీ గట్టిగా ఉన్నప్పుడు సాక్ష్యంగా పనికొస్తుంది తప్ప రేటింగ్‌తో మొదలుపెట్టకూడదు.

యూసుఫ్‌గూడ_క్లాప్
నేను వాడే పరీక్ష ‘తీసేసి చూడటం’. వరసగా పది ఎపిసోడ్లు తీసుకుని ఆ పాత్ర లేదనుకోండి. కథ ఎక్కడ ఆగిపోయిందో రాయండి. ఆగకపోతే ఆ పాత్ర ఎంత అందంగా ఉన్నా అలంకారమే.

దీనికి మంచి ఉదాహరణ ‘కార్తీక దీపం’. అక్కడ ప్రయోగం సీరియలే చేసిపెట్టింది. 2017 అక్టోబర్‌లో మొదలై 2023 జనవరిలో 1569 ఎపిసోడ్లతో ముగిసింది. 2022లో హీరోయిన్ దీప, ఆమె భర్త కార్తీక్ ఇద్దర్నీ ప్రమాదంలో చంపేసి, పిల్లలు హిమ, శౌర్య పెద్దవాళ్లయ్యారని లీప్ వేశారు. ఇల్లు అదే, కార్తీక్ తల్లి సౌందర్య అదే, టైటిల్ అదే. కానీ కథ నడిపించే మనిషి లేదు. ఆ ఏడాది గడవకముందే దీపను వెనక్కి తెచ్చారు, తర్వాత కార్తీక్‌నీ. చంపేసిన పాత్రను బతికించుకోవాల్సి వచ్చిందంటే అంతకంటే గట్టి సాక్ష్యం ఇంకేం కావాలి?

జాగ్రత్త ఒకటి: ఈ పరీక్ష ఒక్క ట్రాక్ (ఉపకథ)లోనే పెట్టొద్దు. కిడ్నాప్ ట్రాక్‌లో కిడ్నాపర్‌ని తీసేస్తే కథ ఆగుతుంది. అంతమాత్రాన అతను గొప్ప పాత్ర అయిపోడు. కనీసం మూడు వేర్వేరు ట్రాకుల్లో నెగ్గాలి.

కొత్తపేట_కోడలు
క్లాప్ గారి పరీక్ష బాగుంది గానీ దాంట్లో ఒక బొక్క ఉంది. హీరోయిన్‌ని తీసేస్తే ఎలాగూ కథ ఆగుతుంది, ఎందుకంటే కష్టాలన్నీ ఆవిడకే కదా. కష్టం పడటం వేరు, కథ నడపడం వేరు. అందుకే ఆ పరీక్షతో పాటు నిర్ణయాల లెక్క కూడా వేయాలి.

ఒక కాగితం తీసుకుని మూడు గడులు గీయండి: ‘చేసింది’, ‘పడింది’, ‘విన్నది’. సీన్‌లో ఆ పాత్ర ఒక నిర్ణయం తీసుకుని, దానివల్ల తర్వాతి సీన్ మారితే ‘చేసింది’. తిట్లు తిన్నా, ఏడ్చినా, నింద మోసినా ‘పడింది’. తలుపు చాటు నుంచో, మెట్ల మీద నుంచో వింటే ‘విన్నది’. మన సీరియళ్లలో మూడో గడి ఎంత తొందరగా నిండుతుందో చూస్తే మీకే నవ్వొస్తుంది. ఒక్కో ఎపిసోడ్‌కి సుమారు ఏడెనిమిది సీన్లు వస్తాయి, పది ఎపిసోడ్లకు 70 నుంచి 80. ఆ పాత్ర ఉన్న సీన్లలో మూడో వంతైనా ‘చేసింది’లో పడాలి.

అందరూ తప్పుచేసేది ఒకచోట. త్యాగం నిర్ణయమా కాదా? నా లెక్కలో అవుతుంది, కానీ ఒక షరతు మీద. వేరే దారి కూడా ఉందని ఆ సీన్‌లోనే కనిపించాలి. వేరే దారే లేనప్పుడు చేసిన త్యాగం ‘పడింది’ గడిలోకే వెళ్తుంది. దీప తన చేతి వంటతో ఇల్లు నెట్టుకొస్తూ పిల్లను పెంచుకోవడం నిర్ణయం. డాక్టర్ బాబు, అంటే కార్తీక్, అనుమానించినప్పుడల్లా కళ్లనీళ్లు పెట్టుకోవడం కాదు. ఆవిడని జనం ‘వంటలక్క’ అన్నారు గానీ ‘ఏడుపక్క’ అనలేదు. ఆ పిలుపులోనే తీర్పు ఉంది.

ఇంకో సంగతి, ఈ లెక్క వేస్తే అందులో విలన్ మోనితకు దీపకంటే ఎక్కువ మార్కులొస్తాయి. అబద్ధం చెప్పాలన్నా, కాగితాలు మార్చాలన్నా, మనిషిని కొనాలన్నా అన్నీ ఆవిడ నిర్ణయాలే. విలన్‌కి ఈ సౌకర్యం పుట్టుకతో వస్తుంది. కాబట్టి విలన్లను విలన్లతోనే పోల్చాలి.

సాయంత్రం7గంటలు
అయితే వేర్వేరు విభాగాలు పెట్టాలన్నమాట. పది పాత్రలన్నారు, నాలుగు విభాగాలైతే నలభై అవుతాయి.

రిమోట్_రాజ్యం
నలభై వద్దు. ఎంపిక విభాగాలవారీగా, తుది జాబితా ఒకటే. ప్రధాన పాత్రలు 4, ఎదురు నిలిచేవి 3, పక్క పాత్రలు 3. మొత్తం 10.

అంబర్‌పేట్_అన్న
పక్క పాత్రలకు మూడేనా అన్న? జెర ఆలోచించుండ్రి. మన సీరియళ్లల్ల మస్తు బతికేది పక్క పాత్రలే.

‘అమృతం’ తీస్కోండ్రి. 2001 నవంబర్ల మొదలై 2007 నవంబర్ దాకా జెమినిల నడిచింది, 313 ఎపిసోడ్లు. గుండు హనుమంతరావు ఆంజనేయులు యాదికొస్తడు, సరే. కని సర్వర్ సర్వం లేకుంటే వాళ్ల అమృత విలాస్ హోటలే లేదు. ఇంటి ఓనర్ అప్పాజీ ఇంట్లకొచ్చి నిలవడ్డడంటే సీన్ల ఏదో మెలిక పడ్డట్టే. గీ ఇద్దరికీ సొంత ట్రాకులు ఉండయి, ఏడుపు సీన్లు ఉండయి. అయినా ఎవ్వలు మర్చిపోలే. కోడలు అక్క చెప్పిన మూడు గడుల లెక్క గీళ్లకు పెడితే సున్నా వస్తది. గందుకే కామెడీకి వేరే కొలత కావాలె.

నేను చెప్పే కొలత: ఆ మనిషి తలుపుల అడుగు పెట్టంగనే, నోరు తెరవకముందే మనకు ఏం జరుగుతదో ఒక అంచనా రావాలె. తర్వాత ఆ అంచనా సగంసార్లు నిజం గావాలె, సగంసార్లు తప్పాలె. ఎప్పుడూ నిజమైతే ఊతపదం తప్ప పాత్ర లేనట్టు. ఎప్పుడూ తప్పితే రాసెటోనికే ఆ మనిషి తెల్వదన్నట్టు. పది ఎపిసోడ్లు చూసి టిక్కులు కొట్టుండ్రి, నాలుగు నుంచి ఆరు మధ్యల పడితే పాస్.

ఇంకోటి కూడా చెప్తున్న, మనసుల పెట్టుకోండ్రి. సీరియళ్లు ఎక్కువ హైదరాబాద్‌లనే తీస్తరు. నానక్‌రామ్‌గూడల, మణికొండల బంగ్లాలు కిరాయికి తీస్కొని. కని హీరో మాట్లాడేది కోస్తా భాష, మా యాస వచ్చేది పనిమనిషికో, వాచ్‌మన్‌కో, రౌడీకో. ఎంచేటప్పుడు గది గుడ్క చూడుండ్రి. యాసను నవ్వుకోడానికే పెట్టిండ్రా, లేకుంటే ఆ మనిషి నిజంగ గట్లనే ఆలోచిస్తడా? మొదటిదైతే మార్కులు కోయుండ్రి.

కొత్తపేట_కోడలు
అంబర్‌పేట్ అన్న చెప్పిన ‘నాలుగు నుంచి ఆరు’ చాలా బాగుంది. కామెడీకి అదే ఖాయం చేద్దాం. విభాగం లెక్క కూడా మార్చి 4, 2, 4 చేస్తే?

రిమోట్_రాజ్యం
సరే. 4, 2, 4.

ఎడిట్‌టేబుల్
మీరంతా రాసినదాన్నీ నటించినదాన్నీ చూస్తున్నారు. ఎడిటింగ్ బల్ల దగ్గర పుట్టే పాత్రలు కూడా ఉంటాయి. వాటిని వడకట్టకపోతే జాబితా తప్పుతుంది.

ఒక మాటకి ముగ్గురి రియాక్షన్ షాట్లు, ఒక్కోటి మూడుసార్లు జూమ్, వెనక ఉరుము. ఇది డైలాగ్ బలం కాదు, నిడివి నింపే పని. అరగంట స్లాట్‌లో ప్రకటనలు పోను 20 నుంచి 22 నిమిషాలు నింపాలి, వారానికి ఆరు రోజులు. ముందే తీసి పెట్టుకున్న ఎపిసోడ్ల బ్యాంక్ తగ్గినప్పుడు రాసిన సీన్లు చాలవు, అప్పుడు ముఖాలతో నింపుతారు. ఎవరి ముఖం మీద ఎక్కువ ఆగితే వాళ్లు గొప్పగా నటించినట్టు అనిపిస్తుంది. విలన్లకు ఇది ఇంకా ఎక్కువ. ప్రత్యేకంగా ఒక థీమ్ మ్యూజిక్, పెద్ద బొట్టు, మెరిసే చీర, కింది నుంచి కెమెరా. ఇవన్నీ తీసేస్తే లోపల మనిషి మిగిలిందా లేదా అన్నది చూడాలి.

అందుకు రెండు పరీక్షలు. ఒకటి, శబ్దం ఆపి రెండు సీన్లు చూడండి. కథ తెలియని మనిషికి ఆ పాత్ర ఏం కోరుకుంటోందో అర్థమైతే నటనలో సత్తువ ఉన్నట్టు. రెండు, తెర చూడకుండా రెండు సీన్లు వినండి. మాటల్లో ఆ పాత్ర ముద్ర ఉందా? పేర్లు తీసేసి ఆ మాటలు అత్త నోట్లో పెట్టినా, ఆడపడుచు నోట్లో పెట్టినా సరిపోతే రాతలో పాత్ర లేదన్నమాట.

రెండో పరీక్షలో ఒక చిక్కు, ఇది ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మన సీరియళ్లలో కన్నడ, మలయాళ నటులు చాలామంది. వాళ్లలో ఎక్కువమందికి గొంతు డబ్బింగ్ ఆర్టిస్టుది. సెట్‌లో అసిస్టెంట్ పక్కన నిలబడి డైలాగ్ ప్రాంప్ట్ చేస్తాడు, నటి పెదవులు కలుపుతుంది, తర్వాత డబ్బింగ్ థియేటర్‌లో ఇంకొకరు ఆ ఏడుపు ఏడుస్తారు. ప్రేక్షకుడు కరిగిపోయేది సగం ఆ గొంతుకే. అంచేత రాజ్యం గారు చెప్పిన ‘ఓటు పాత్రకే, నటుడికి కాదు’ అన్న నియమం కరెక్ట్. పాత్రలో ముఖం, గొంతు, రాత మూడూ ఉంటాయి. కానీ జాబితాలో పేరు రాసేటప్పుడు నటుడి పేరొక్కటే రాస్తే అన్యాయం. పాత్ర పేరు, సీరియల్ పేరు రాయండి చాలు.

గొంతు మారిందా లేదా కనిపెట్టడం సులువే. నవ్వు, దగ్గు, ఎక్కిళ్లు వినండి. మాటకు ముందు తీసే ఊపిరి శబ్దం గదిలోదా, మైక్ ముందుదా తెలిసిపోతుంది. పాత్ర మధ్యలో గొంతు మారితే ఆ మార్పుకి ముందూ తర్వాతా విడివిడిగా చూడాలి.

పాతటీవీ_మారుతీనగర్
గొంతు సంగతి సరే, మనిషే మారితే?

‘అమృతం’లో అమృతరావు పాత్రను మొదట శివాజీరాజా, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్ చేశారు. ముగ్గురి నడకా వేరు, నవ్వే తీరు వేరు. అయినా అమృతరావు అమృతరావే. ప్రతి పథకం బెడిసికొట్టడం, తెలివైనవాడినన్న నమ్మకం చెక్కుచెదరకపోవడం మారలేదు. నటుడు మారినా నిలబడే పాత్ర రాతలో గట్టిది. కాబట్టి మార్పు జరిగిందని మార్కులు కోయకండి, నిలబడితే అదనంగా వేయండి.

దీనికి తలకిందులుగా ‘మొగలి రేకులు’లో ఆర్కే నాయుడు. మంజులా నాయుడు తీసిన ఆ సీరియల్ 2008 నుంచి 2013 దాకా జెమినిలో 1368 ఎపిసోడ్లు వచ్చింది. ఆ పోలీసు వేషం సాగర్‌కు ఎంతగా అతుక్కుపోయిందంటే ఇప్పటికీ ఆర్కే సాగర్ అంటేనే గుర్తుపడతారు. అక్కడ పాత్రనీ నటుణ్నీ విడదీయడం కుదరదు. అది లోపం కాదు, కాకపోతే అది వేరే రకం బలం అని గుర్తుంచుకోండి. మంజులా నాయుడుదే ‘చక్రవాకం’లో ఇక్బాల్ కూడా చూడండి. సెల్వరాజ్ వేషం. సాగర్, స్రవంతి అనే పాత్రల కథలో పక్కన నిలబడ్డ మనిషి, జనం మాత్రం పేరుపెట్టి గుర్తుంచుకున్నారు. మా అంబర్‌పేట్ వారి పక్క పాత్రల వాదానికి ఇది నా వంతు.

సాయంత్రం7గంటలు
రీమేక్‌లు తీసేద్దామా? సొంతంగా పుట్టని పాత్రకి మనం మార్కులేయడమేంటి?

పాతటీవీ_మారుతీనగర్
తీసేస్తే జాబితా చిన్న చీటీ మీద పడుతుంది. ‘కార్తీక దీపం’ మలయాళ ‘కరుత్తముత్తు’ రీమేక్. ‘బ్రహ్మముడి’ బెంగాలీ ‘గాట్‌ఛొడా’. ‘జానకి కలగనలేదు’ హిందీ ‘దియా ఔర్ బాతీ హమ్’. ఇక ‘ఇంటింటి గృహలక్ష్మి’ సంగతి చెప్పక్కర్లేదు. బెంగాలీలో 2019లో వచ్చిన ‘శ్రీమొయీ’ హిందీలో ‘అనుపమా’, తమిళంలో ‘బాక్యలక్ష్మి’, మలయాళంలో ‘కుడుంబవిళక్కు’, మరాఠీలో ‘ఆయీ కుఠే కాయ్ కర్తే’ అయింది. మన తులసి ఆ అక్కచెల్లెళ్లలో ఒకతె.

తీసేయడం కాదు, తేడా చూడాలి. మూలంలోంచి మూడు ముఖ్యమైన ఘట్టాలు తీసుకోండి. తులసి విషయంలో: భర్త సంబంధం బయటపడటం, విడాకులు, సొంత సంపాదన మొదలుపెట్టడం. వాటిని తెలుగులో ఎలా చేశారో పక్కపక్కన పెట్టి చూడండి. మాట మార్చారా, నిర్ణయానికి కారణం మార్చారా, చుట్టూ ఉన్న మనుషుల్ని మార్చారా? ఊరి పేరూ చీర కట్టూ తప్ప ఏమీ మారకపోతే మార్కు మూలానికే పోతుంది.

రీమేక్ ఇటునుంచి అటు కూడా వెళ్తుందండోయ్. జీ తెలుగులో 2014లో మొదలైన ‘ముద్ద మందారం’ కన్నడలో ‘పారు’ అయింది. హరిత చేసిన అఖిలాండేశ్వరి అక్కడ వినయా ప్రసాద్ చేతికి వెళ్లింది, పేరు కూడా మార్చలేదు. పక్క భాష వాళ్లు ఒక పాత్రను పేరుతో సహా తీసుకున్నారంటే అది ఎగుమతికి పనికొచ్చిన సరుకు. ఆవిడకు అదనంగా 5 మార్కులు.

యూసుఫ్‌గూడ_క్లాప్
దీప విషయంలో ఒక మెలిక ఉంది. ప్రేమీ విశ్వనాథ్ మలయాళంలోనూ ఆ వేషం వేశారు, కాబట్టి నటన కూడా కొంత వెంట తెచ్చుకున్నదే. ఒంటి రంగు మీద చిన్నచూపును ప్రశ్నించే కథ అంటూ నటికి ముదురు రంగు మేకప్ వేయడం ఇంకో పేచీ. జాబితాలో ఉంటే ఉండనివ్వండి గానీ ఈ మాట పక్కన రాయాలి.

కొత్తపేట_కోడలు
రాయాల్సిందే. నల్లటి అమ్మాయి కథకు నల్లటి అమ్మాయే దొరకలేదంటే ఎలా?

లెక్కలమాస్టర్
ఇప్పుడు అసలు పని. 1569 ఎపిసోడ్లు ఎవరు చూస్తారు? ఎవరూ చూడరు. జ్ఞాపకం మీద ఓటేస్తారు. జ్ఞాపకంలో మిగిలేవి మొదటి ఆరు నెలలు, చివరి నెల, యూట్యూబ్ షార్ట్స్. అందుకే నమూనా తీయాలి.

పెద్ద సీరియల్‌కి ప్రతి 50వ ఎపిసోడ్, దాని వెనకే వచ్చేది కూడా. రెండోది ఎందుకంటే మొదటిదాని చివర్లో వేసిన హుక్ (సస్పెన్స్) తర్వాతి రోజు విప్పుతారో, కలగా తేల్చేస్తారో తెలియాలి. ‘కార్తీక దీపం’కి 50 నుంచి 1550 దాకా 31 చోట్లు, మొత్తం 62 ఎపిసోడ్లు. వాటికి మొదటి 5, చివరి 5, లీప్‌కి ముందు 5, తర్వాత 5 కలపండి. 82. ఒక్కోటి 21 నిమిషాలనుకుంటే 1722 నిమిషాలు, అంటే దాదాపు 29 గంటలు. నలుగురు పంచుకుంటే తలా ఏడు గంటలపైన. మొదట్లో వచ్చే ‘జరిగిన కథ’ వదిలేయండి, అవే సీన్లు రెండుసార్లు లెక్కలోకి వస్తాయి.

‘అమృతం’ లాంటి విడి కథలకు హుక్ ఉండదు కాబట్టి ప్రతి 10వ ఎపిసోడ్ చాలు, 31 వస్తాయి. ‘అభిషేకం’ ఈటీవీలో 2008 నుంచి 2022 దాకా 4000 ఎపిసోడ్లు. దానికి 50 లెక్కన తీస్తే 80 చోట్లు, జంటగా 160. అక్కడ 100కి ఒకటి తీసినా 40 చోట్లు వస్తాయి, సరిపోతుంది.

కొత్తపేట గారి మూడు గడుల లెక్క ఒకే ఎపిసోడ్‌కి ఇద్దరు విడివిడిగా వేయాలి. పది ఎపిసోడ్లలో ‘చేసింది’ సంఖ్య ఇద్దరికీ 3 కంటే ఎక్కువ తేడా వస్తే ఆ ఎపిసోడ్లు మళ్లీ కలిసి చూడాలి. తేడా ఎక్కువగా త్యాగం దగ్గరే వస్తుంది, పైన ఆవిడ చెప్పిన షరతు గట్టిగా పట్టుకోండి.

అంబర్‌పేట్_అన్న
మాస్టరూ, యాడ చూడాలె ఇవన్ని? టీవీల అయితే రావు గద.

ఎడిట్‌టేబుల్
స్టార్ మా సీరియళ్లు జియోహాట్‌స్టార్‌లో, జీ తెలుగువి జీ5లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో, జెమినివి సన్ నెక్స్ట్‌లో వెతకండి. ‘అమృతం’ యూట్యూబ్‌లో దొరుకుతుంది. యూట్యూబ్‌లో అభిమానులు ముక్కలుగా పెట్టినవి మాత్రం నమూనాకి పనికిరావు. కాపీరైట్ తప్పించుకోవడానికి వేగం పెంచుతారు, సంగీతం మారుస్తారు, ఫ్రేమ్ కోస్తారు. వేగం పెరిగితే నటనలో నిదానం పోతుంది. అప్పుడు మీరు మార్కులు వేసేది ఇంకో మనిషికి.

ప్రోమోలు చూసి కూడా వేయొద్దు. ప్రోమోలో అత్త అన్న మాటకి కోడలి ముఖం వేస్తారు. అసలు ఎపిసోడ్‌లో ఆ ముఖం వేరే సీన్‌ది.

పాతటీవీ_మారుతీనగర్
దూరదర్శన్ కాలం సంగతేంటి? ‘ఋతురాగాలు’ లాంటివి ఎక్కడా పూర్తిగా వరసగా దొరకవు. నమూనా నియమం పెడితే రామంతాపూర్ కేంద్రం నుంచి వచ్చినవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. జాబితా 2000 తర్వాతే తెలుగు టీవీ పుట్టినట్టు తయారవుతుంది.

లెక్కలమాస్టర్
నిజమే. మళ్లీ చూడటానికి దొరకని సీరియళ్లకు మార్కులు వద్దు, విడిగా ‘జ్ఞాపకాల పట్టిక’ పెడదాం. ప్రతిపాదించేవారు ఆ పాత్ర చేసిన మూడు పనులు సీన్‌తో సహా చెప్పాలి. ‘చాలా బాగా చేసింది’ అంటే చెల్లదు. ఒకే సీన్‌ని ఒకరినొకరు చూడకుండా ఇద్దరు చెబితే పట్టికలోకి. అంతకన్నా గట్టి కొలత దానికి పెట్టలేం.

రిమోట్_రాజ్యం
ఓటింగ్ ఎలా? ఒక్కొక్కరు 5 పేర్లు వరసలో రాసి 5, 4, 3, 2, 1 మార్కులు ఇస్తే?

లెక్కలమాస్టర్
వరస ఓటులో ఒక దొంగదారి ఉంది. తన అభిమాన పాత్రను పైన పెట్టి, గట్టి పోటీదారును కావాలని వదిలేస్తారు. రెండో చిక్కు, ఎక్కువమంది చూసిన సీరియల్ గెలుస్తుంది, మంచి పాత్ర కాదు.

దాని బదులు ప్రతి పాత్రకీ 0 నుంచి 5 మార్కులు, పక్కన ‘చూడలేదు’ అన్న గడి. సగటు తీద్దాం. అయితే సగటులో ఇంకో మోసం ఉంది, అంకెలతో చెప్తాను. 40 మంది ఓటేశారనుకోండి. ‘క’ పాత్రను 40 మందీ చూశారు, సగటు 2, మొత్తం 80. ‘ఖ’ పాత్రను 15 మంది చూశారు, సగటు 4, మొత్తం 60. ‘గ’ పాత్రను ముగ్గురు వీరాభిమానులే చూశారు, అందరూ 5 వేశారు. మొత్తం 15, సగటు 5. ఉత్త మొత్తంతో చూస్తే ‘క’ గెలుస్తుంది, ఉత్త సగటుతో చూస్తే ‘గ’. రెండూ తప్పే.

ప్రతి పాత్రకీ 2.5 మార్కులతో పది ఉత్తుత్తి ఓట్లు కలపండి. ‘క’: 80 + 25 = 105, 50తో భాగిస్తే 2.1. ‘ఖ’: 60 + 25 = 85, 25తో భాగిస్తే 3.4. ‘గ’: 15 + 25 = 40, 13తో భాగిస్తే 3.08. ‘ఖ’ పైకొచ్చింది, అదే రావాల్సింది. ఓటర్లు వంద దాటితే ఉత్తుత్తివి 20 చేయండి.

గూగుల్ ఫారమ్‌లో ఒకరికి ఒకే సమాధానం అన్న సెట్టింగ్ ఆన్ చేయాలి. లాగిన్ అడుగుతుంది, కొందరు గొణుగుతారు, అయినా తప్పదు. లేకపోతే ఒక ఫ్యాన్ పేజీ వాళ్లు రాత్రికి రాత్రి లెక్క తిప్పేస్తారు. పేర్ల వరస ప్రతి ఓటరుకీ మారేలా షఫుల్ కూడా పెట్టండి, పైనున్న పేర్లకు చేయి ముందు పోతుంది.

సాయంత్రం7గంటలు
సరే, ఒప్పుకున్నాను. ఒక్క డౌట్. ఇప్పుడు నడుస్తున్న సీరియళ్లు? ‘బ్రహ్మముడి’ కావ్యని పెట్టాలా వద్దా?

కొత్తపేట_కోడలు
పెట్టొద్దనే నా ఓటు. కావ్య బాగుంది, రంగులేసే చెయ్యి డిజైన్లు గీసి సంపాదించడం అన్నీ ‘చేసింది’ గడిలోవే. కానీ నడుస్తున్న సీరియల్‌లో పాత్రను రేపు జ్ఞాపకశక్తి కోల్పోయేలా చేయొచ్చు, కవల చెల్లెల్ని దింపొచ్చు. ‘గుప్పెడంత మనసు’లో హీరో రిషి కొంతకాలం తెరమీద లేకుండానే కథ నడిపారు. అతని తల్లి జగతిని చంపేశారు. అవి జరగకముందు ఓటేసినవాళ్లూ, తర్వాత వేసినవాళ్లూ ఒకే పాత్రకి వేసినట్టా?

యూసుఫ్‌గూడ_క్లాప్
జగతి విషయంలో పాత్ర చచ్చిపోయాకే విలువ తెలిసింది. తల్లి అని పిలిపించుకోకుండా ఏళ్లపాటు మేడమ్‌గా నిలబడ్డ మనిషి. పక్క పాత్రల్లో ఆవిడకి నా ప్రతిపాదన. కానీ నడుస్తున్నవి వద్దన్న మాటకు ఒప్పుకుంటాను. ముగిసి ఆరు నెలలు దాటినవే.

అంబర్‌పేట్_అన్న
‘త్రినయని’ల విలన్ తిలోత్తమ నా దిక్కు నుంచి. పవిత్ర జయరామ్ చేసింది. ఎడిట్‌టేబుల్ అన్న చెప్పినట్టు మ్యూజిక్ బంద్ చేసి చూసిన్రనుకో, కండ్లతోనే లెక్కలు కడ్తుంటది. చీర, బొట్టు తీసేసినా మనిషి మిగుల్తది.

ఎడిట్‌టేబుల్
మోనితని కూడా అదే పరీక్షకి పెట్టండి. శోభా శెట్టి సీన్లలో శబ్దం ఆపితే కోపం, ఆశ రెండూ ఒకే ముఖంలో కనిపిస్తాయి. కార్తీక్ ముందు ఒకలా, తలుపు మూసుకున్నాక ఇంకోలా. అయితే 2021 తర్వాత ఎపిసోడ్లు వేరుగా చూడండి. ఒకే పన్నాగం నాలుగోసారి వేసినప్పుడు ఏ నటి అయినా ఏం చేస్తుంది?

రిమోట్_రాజ్యం
ఇప్పటిదాకా ఖాయమైనవి: పాత్రకే ఓటు, ముగిసి ఆరు నెలలు దాటాలి, 4-2-4, రీమేక్‌కి మూడు ఘట్టాల పోలిక, కామెడీకి అన్న చెప్పిన అంచనా లెక్క, మిగతావాటికి మూడు గడుల కాగితం. నమూనా పంచుకోవడానికి పేర్లు కింద ఇవ్వండి. ఒక సీరియల్‌కి నలుగురు, అందులో ఇద్దరైనా ఆ సీరియల్ అభిమానులు కానివాళ్లై ఉండాలి. కాగితాలు ఫొటో తీసి పెట్టండి, సీన్ నంబర్ పక్కన నిమిషం కూడా రాయండి.

పాతటీవీ_మారుతీనగర్
‘మొగలి రేకులు’ నాకు రాయండి. 50కి ఒకటి చొప్పున 27 చోట్లు, జంటగా 54. ఇంకో ముగ్గురు కావాలి.

అంబర్‌పేట్_అన్న
‘అమృతం’ 31 నేనొక్కన్నే చూస్త, నలుగురు ఎందుకు.

లెక్కలమాస్టర్
కుదరదన్నా. మీరు సర్వం అభిమాని. ఇంకొకరు ఉండాల్సిందే.

కొత్తపేట_కోడలు
నేనుంటాను. నాకు అప్పాజీ ఇష్టం.